ఉప్పు వినిపించని పాట

రోహిణి కార్తె, మొదట్లో

పొద్దున్నే నావ వేసుకుని వెళ్లి దిగువ బుడ్డికి పట్టిన గుల్లలు గీకాను. ఏటి నీళ్లలో వేలాడే ఈ ఇత్తడి బుడ్లే నాకు నది సంగతులు పంపేవి. గుల్లలు పట్టాయంటే నీటి వేడిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెబుతాయి. అప్పుడు పాట శ్రుతి పెరుగుతుంది. శ్రుతి పెరిగితే గోగులంక ఆడవాళ్లు నా గది కిందికొచ్చి, "ఏమ్మా వకుళా, గోదారికి ఒళ్లు కాలుతోందా?" అని అడుగుతారు.

నీటి అంకెలు ఫోన్లలో పంపిన రోజుల్లో ఎవరూ చూసేవాళ్లు కాదట. ఇప్పుడు కళ్లాపి చల్లుతూ, వలలు బాగుచేసుకుంటూ, పొయ్యి రాజేస్తూ వింటారు. ఏటిగట్టు మీది బాకాల్లో పాట ముగిసేసరికి నీరు ఎలా ఉందో లంకంతా తెలిసిపోతుంది.

ప్రవాహానికి తంబురా, ఒండ్రుకి మృదంగం, వేడికి శ్రుతి. ఇవి నేను కట్టినవి. ఉప్పుకి కూడా ఒక స్వరం ఇద్దామని చూస్తే, నీటి లెక్కలు చూసే ఇశ్రాయేలు గారు ఒప్పుకోలేదు. "ఉప్పు స్వరం కాదండి. స్వరాల మీద పడే ఇసుక," అన్నారు. అలా వచ్చింది గరుకు. సన్నాయి పీకలో బియ్యపు నూక ఇరుక్కున్నట్టు ఒక గరగర. సముద్రం పైకి ఎక్కినకొద్దీ గరుకు పెరుగుతుంది.

ఈ ఏడు శివరాత్రి నుంచీ గరుకు ఆగలేదు.

తీపిచెరువులో నీరు అడుగుకి వచ్చింది. మనిషికి ఇన్ని బిందెలని కొలిచి పోస్తున్నారు. వరదతో ఎర్రనీరు వస్తే తప్ప చెరువు నిండదు. ఎర్రనీరు వచ్చినా ఉప్పు కలవకుండా చూసి చెరువు లాకు తలుపు ఎత్తాలి. ఆ పని పల్లాలమ్మత్తది. వాళ్ల నాన్న లాకు కాసే లస్కరు, ఆయన తర్వాత ఈవిడ. పాట వింటుంది, నీళ్లు చేతిలోకి తీసుకుని రుచి చూస్తుంది, అప్పుడు తలుపు ఎత్తుతుంది.

రోహిణి కార్తె, చివర్లో

ప్రెసిడెంటు గనిరాజు గారు మెట్లెక్కి వచ్చారు. మోకాళ్ల నొప్పి, మామూలుగా కిందినుంచే పిలుస్తారు.

"వకుళమ్మా, ఆ గరగర కాస్త తగ్గించలేవా? ముసలాళ్లు అన్నం దగ్గర కూర్చుని కంచం పక్కకి నెట్టేస్తన్నారు. ఎందుకంటే, ఆ చప్పుడు వింటే నోట్లో ఉప్పు తగిలినట్టుంది అంటన్నారు. చంటిపిల్లలు ఉలిక్కిపడతన్నారు."

"ఉప్పు ఉంటే గరుకు ఉంటుందండి."

"ఉప్పు ఉందని మాకు తెలవదా? తెలిసినదాన్ని రోజూ రెండు పూటలా చెవిలో నూరి పొయ్యాలా?"

సాయంత్రం పల్లాలమ్మత్త ఇంటికి వెళ్లాను. కూతురు దమయంతి పురిటికి వచ్చి అక్కడే ఉంది. నిజంగానే పాట మొదలవగానే పిల్ల ఏడ్చింది. దమయంతి పిల్ల చెవుల మీద చేతులు వేసి కూర్చుంది.

ఇశ్రాయేలు గారు ఎగువ బుడ్లు మార్చడానికి రేపు బయల్దేరుతున్నారు. చాలా రోజులు పడుతుందట. గరుకు తగ్గించనా అని రేవు దగ్గర అడిగాను. ఆయన సంచి సర్దుకుంటూనే చెప్పారు. "తగ్గిస్తే తగ్గించండి. తీసెయ్యకండి. మనం గీసేది నది బొమ్మ కదండి, పెళ్లికూతురి బొమ్మ కాదు."

మృగశిర కార్తె

రాజమండ్రి నుంచి నదుల సభవాళ్లు వస్తామని కబురు చేశారు. వంశధార, నాగావళి, పెన్న, తుంగభద్ర, ఎక్కడెక్కడి పాటలో వింటూ తిరుగుతున్నారు. వాటిలో ఒకదాన్ని సభ తొలిరోజు వినిపిస్తారు.

వాళ్లు రాకముందే గరుకు సంగతి చూశాను. మొదట కొంచెం తగ్గించాను, బాగాలేదు. నూక తీసేసి దాని చోట ఊపిరి పెట్టాను. సన్నాయి విద్వాంసుడు వాయించే ముందు లోపలికి తీసుకునే ఊపిరి లాంటిది. ఉప్పు ఎక్కువైతే ఊపిరి పొడుగవుతుంది. తంబురా గట్టిగా ఉన్నప్పుడు అది అందులో కలిసిపోయి వినపడదు. అలా కలిసిపోతేనే బాగుంది.

చంటిపిల్లల కోసం మార్చాను. ఇక్కడ అదే రాస్తున్నాను.

సభవాళ్లు ఏటిగట్టు మీద చాపలు వేసుకుని విన్నారు. పాట అయ్యాక ఎవరూ వెంటనే లేవలేదు. వాళ్లలో పెద్దావిడ కళ్లు తుడుచుకుని, "ఎండిపోయే నదుల పాటలే విని వచ్చామమ్మా. ఇన్నాళ్లకి ఇంకా ఊపిరి తీసుకుంటున్న నదిని విన్నాం," అంది. నాకు ఒళ్లు పులకరించింది. అది ఊపిరి కాదు, ఉప్పు అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

లంకలో వాళ్లూ సంతోషంగా ఉన్నారు. దమయంతి పనసతొనలు పంపింది. ఇశ్రాయేలు గారికి రేడియోలో మామూలు విషయాలు చెప్పాను. గరుకు కొంచెం సరిచేశానన్నాను. పల్లాలమ్మత్తకి చెప్పాలనుకున్నాను. ఆవిడ లాకు గొలుసులకి నూనె పెడుతూ కనిపించింది. తర్వాత చెబుదామనుకున్నాను.

ఆరుద్ర కార్తె

ఎర్రనీరు వచ్చింది.

తెల్లవారకముందే మృదంగం మొదలైంది. బుడ్లు ఒండ్రుని చెబుతుంటే ఆ చప్పుడు నా గది పలకల్లో కూడా అదిరింది. తంబురా నిండుగా లేచింది. నేను ఇన్నేళ్లలో ఇంత మంచి పాట వినలేదు. జనం గట్టు మీదికి పరిగెత్తుకొచ్చారు. కొందరు ఏటికి పసుపూ కుంకుమా వేశారు.

పల్లాలమ్మత్త లాకు మీద తల పక్కకి వంచి నిలబడి విన్నది. పాట మొత్తం విన్నది. తర్వాత మెట్లు దిగి దోసిలితో నీళ్లు తీసుకుని పుక్కిలించి ఉమ్మింది. నా కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ నవ్వింది. తలుపు ఎత్తింది.

ఎర్రటి నీళ్లు కాలవలోంచి తీపిచెరువులోకి దూకాయి. పిల్లలు కాలవ వెంట చెరువుదాకా నీళ్లతో పందెం వేసుకుని పరిగెత్తారు. సాయంత్రానికి చెరువు నిండింది. గనిరాజు గారు లంకంతటికీ బెల్లం పంచారు.

ఆ రోజు సముద్రపు పోటు పెద్దదని నాకు తెలుసు. పంచాంగంలో ఉంది, గోడమీద ఉంది. బుడ్ల అంకెలు చూపించే పలక నా పక్కనే ఉంది. పాట అంత బాగుంటే ఆ పలకవైపు చూడబుద్ధి కాలేదు.

ఆరుద్ర కార్తె, మరో రెండు రోజులకి

పొద్దున్నే లంకలో పాలన్నీ విరిగిపోయాయి.

మొదట దమయంతి ఇంట్లో. పాలవాడు నిలవ పాలు పోశాడని వాడిని తిట్టింది. తర్వాత పక్కింట్లో, ఆ పక్కింట్లో. టీ కాచిన చోటల్లా విరిగిన పాలే. ఎవరో అనుమానం వచ్చి చెరువు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశారు.

పలక తీసి ఎర్రనీరు వచ్చిన పొద్దుటి అంకెలు చూశాను. నీటి పైమట్టాన వేలాడే బుడ్డి దగ్గర తీపి నీరు. అడుగు బుడ్డి దగ్గర సముద్రం. ఎర్రనీరు పైపైన పారుతుంటే, అడుగునుంచి ఉప్పునీరు పాకుతూ వచ్చింది. లాకు తలుపు లేచేది అడుగు నుంచి. పల్లాలమ్మత్త చేతిలోకి వచ్చింది పైనీరు. చెరువులోకి పోయింది అడుగునీరు.

ఆ అంకెల్ని పాత గరుకులో పెట్టి చెవికి గొట్టం పెట్టుకుని విన్నాను. ఎంత గట్టిగా వచ్చిందంటే గొట్టం తీసి పడేశాను. చెవిటివాళ్లకి కూడా పళ్లు జివ్వుమనేవి.

మళ్లీ ఊపిరితో విన్నాను. ఏమీ లేదు. మృదంగం, తంబురా, పండగ.

ఆరుద్ర కార్తె, చివర్లో

ఊరి సభ పెట్టారు. సభ అంటే చెరువుగట్టు మీదే, ఆ నీళ్ల ఎదురుగా. చెరువు పైన చచ్చిన చేపలు తెల్లగా తేలుతున్నాయి.

"పాట వినకుండా ఎత్తేసిందా?" అని ఒకరు. "ముసలితనం," అని ఒకరు. "ఇన్నాళ్లూ చేసిందిగదా, పాపం," అని ఇంకొకరు. ఈ మూడో మాట అన్నప్పుడే పల్లాలమ్మత్త తల దించుకుంది.

"పాట విన్నాను. గరుకు లేదు," అంది పల్లాలమ్మత్త.

గనిరాజు గారు నావైపు తిరిగారు. "ఏమ్మా, ఆ పొద్దున ఉప్పు అంకె వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది," అన్నాను.

అది నిజం. అడిగింది అంకె గురించి. నేను అంకె గురించి చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. జనం అంతా ఆవిడవైపు చూశారు. ఆవిడ నావైపు చూసింది. కోపంగా కాదు. తెలియనిది తెలిసినవాళ్లని అడిగేటప్పుడు చూస్తామే, అలా.

లాకు తాళంచెవి ఆవిడ నడుము నుంచి విప్పి ఇచ్చేసింది. ఎవరూ లాక్కోలేదు. తనే ఇచ్చింది.

మృగశిరలో చంటిపిల్లల కోసమని రాశాను. చంటిపిల్లల కోసమైతే గరుకు కాస్త తగ్గిస్తే సరిపోయేది. రాజమండ్రివాళ్లు వస్తారని తీసేశాను.

పునర్వసు కార్తె

అవతలి గట్టునుంచి పంటు పడవ మీద డ్రమ్ములతో నీళ్లు వస్తున్నాయి. చాలవు. కొన్ని కుటుంబాలు సామాన్లు సర్దుకుని ఆ పంటు మీదే వెళ్లిపోతున్నాయి. చెరువు కడిగి మళ్లీ నింపేదాకా అంటున్నారు. మరో వరద వస్తుందో రాదో ఎవరికి తెలుసు. దమయంతి పిల్లని తీసుకుని అత్తారింటికి పోయింది. పిల్లకి వాంతులు. ఉప్పు వల్లనో, కాదో. నేను అడగలేదు.

మధ్యాహ్నం పల్లాలమ్మత్త నా గదికి వచ్చింది. ఎప్పుడూ పైకి రాదు. ఇక్కడి తీగలూ డబ్బాలూ చూసి, ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని చేతులు కొంగులో పెట్టుకుని నిలబడింది.

"ఆ పొద్దుటి పాట మళ్లీ వినిపిస్తావా అమ్మా?"

"ఎందుకత్తా?"

"నాకు గరుకు వినపళ్లేదు. అంకె వచ్చిందని నువ్వన్నావు. అంకె వస్తే గరుకు రావాలిగదా. నా చెవులు మందగించాయేమో చూసుకుందామని."

పాట దాచి ఉండదు. దాచి ఉండేది అంకెలే. వాటిని ఏ గొంతులో వినిపిస్తే ఆ గొంతులో పలుకుతాయి. మీటలు రెండూ నా చేతి కిందే ఉన్నాయి, ఊపిరిదీ, గరుకుదీ. ఊపిరి మీట నొక్కితే, "చూశావా, లేదుగా," అంటుంది. ఆ తర్వాత నేను చెప్పక తప్పదు.

నేను గరుకు మీట నొక్కాను.

అంత చప్పుడు వచ్చినా ఆవిడ కదల్లేదు. చివరిదాకా విన్నది. ముఖం మెల్లగా ఎలా మారిందో రాయలేను.

"ఇంత గట్టిగా ఉందా," అంది. "మరి ఇప్పుడు వినపడతందే. ఆ పొద్దున ఏమైంది నాకు? సంతోషంలో ఉన్నానేమో. ఎర్రనీరు చూసి మతి పోయిందేమో," అంది. నా భుజం తట్టింది. "శ్రమ ఇచ్చానమ్మా నీకు," అని గోడ పట్టుకుని మెట్లు దిగింది.

నేను వినిపించింది నిజమైన అంకెలు, నిజమైన గరుకు. ఇందులో ఒక్క రవ్వ కూడా అబద్ధం లేదు. ఇంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

పుష్యమి కార్తె

బుడ్లు శుభ్రం చేశాను. బాకాల మీద కాకిగూళ్లు తీశాను. గరుకు తిరిగి పెట్టాను, ఎవరికీ చెప్పకుండా. ఉప్పు తగ్గి ఉండటంతో పెద్ద తేడా ఎవరికీ తెలియలేదు. చేతులతో చేసే పనులు ఉన్నంతసేపూ బాగానే ఉంటున్నాను.

రాజమండ్రి సభవాళ్లు కబురు పంపారు. మా పాటనే ఎంచుకున్నారట. దానికి జవాబు ఇవ్వలేదు.

పల్లాలమ్మత్త మారిపోయింది. ఎవరు పిలిచినా వెంటనే పలకదు. నిజంగా పిలిచారా అని చుట్టూ చూస్తుంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు విని కూడా మూత తీసి చూస్తుంది. దారిలో సైకిలు గంట కొడితే గట్టు దిగి ఎక్కడో దూరంగా నిలబడుతుంది. జనం దాన్ని చూసి, చెవుడే అని తేల్చేసుకున్నారు. జాలిపడి గట్టిగా అరిచి మాట్లాడుతున్నారు. ఆవిడ అదీ ఒప్పుకుంటోంది.

పుష్యమి కార్తె, చివర్లో

పంటు రేవుకి వెళ్లాను, డ్రమ్ములు దించడానికి. పల్లాలమ్మత్త సంచి పట్టుకుని నిలబడి ఉంది. చెవులు చూపించుకోవడానికి అవతలి గట్టుకి వెళుతోందట.

పంటు కూత వేసింది. రేవులో కొంగలన్నీ లేచాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"కూత వేసిందా అమ్మా? నాకు వినపడినట్టే ఉంది. నిజమేనా?"

"వేసింది," అన్నాను. తర్వాత నోరు ఆగలేదు. "నీ చెవులకేం కాలేదత్తా. ఆ పొద్దున గరుకు లేదు. నేను తీసేశాను. ఉప్పు వినపడకుండా చేశాను."

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. పంటువాడు ఎక్కమని పిలుస్తున్నాడు. "వెళ్లు నాయనా, నేను రాను," అని చెప్పి వాడిని పంపేసింది. సంచి కింద పెట్టింది.

"ఎందుకు తీశావు?"

"బాగుంటుందని."

"బాగుందిలే," అంది. "ఆ రోజంత బాగా ఎప్పుడూ లేదు."

ఇంకేదో అడుగుతుందని ఎదురుచూశాను. అడిగింది.

"మరి నేను నీ గదికొచ్చిన రోజు వినిపించావే, అదేంటి?"

నేను చెప్పక్కర్లేకుండానే ఆవిడకి తెలిసింది.

"చెరువు సంగతి ఊరు చూసుకుంటది. తప్పు ఎవరికైనా జరుగుద్ది. నేను నీ దగ్గరికి అంత దూరం నడిచి వచ్చి అడిగాను చూడు. అప్పుడు నా చెవుల్ని నాకు కాకుండా చేసి పంపావు. అది మాత్రం ఊరిది కాదు, నాదీ నీదీ," అంది. మెల్లగానే అంది. సంచి తీసుకుని గట్టు ఎక్కింది.

ఆశ్లేష కార్తె

ఊరి సభలో అంతా చెప్పాను. నన్ను కొడతారనుకున్నాను, వెళ్లగొడతారనుకున్నాను. గనిరాజు గారు లేచి, "తగ్గించమని అడిగింది నేను," అన్నారు. ఒకావిడ, "మేమందరమూ అడిగాం," అంది. కొందరు మాత్రం నావైపు చూడకుండా ఉమ్మేసి లేచి వెళ్లారు. వాళ్లు వెళ్లాక కొంచెం ఊపిరాడింది.

ఇశ్రాయేలు గారు వచ్చేశారు. రేవునుంచి నేరుగా గదికే వచ్చి అంకెలన్నీ చూశారు. ఆయన తిట్టడం కోసం కాచుకుని ఉన్నాను.

"ఎర్రనీరు వచ్చిన పొద్దున నేనూ రేడియోలో విన్నానండి," అన్నారు. "పెద్ద పోటు రోజున గరుకు లేకపోవడమేంటని నాకు తోచాలి. నీటిలెక్క నాది కదండి. కాఫీ తాగుతూ చివరిదాకా విన్నాను. చాలా బాగుందనుకున్నాను." టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

ఆయన తప్పు ఆయన తీసుకుంటే నాది తగ్గుతుందేమో అనిపించింది. తగ్గలేదు.

రాజమండ్రికి కబురు చేశాను. మీరు విన్న ఊపిరి నది తీసుకున్నది కాదు, ఉప్పుని కప్పడానికి నేను పెట్టింది. అసలు పాట పంపుతున్నాను, వేస్తే ఇది వెయ్యండి, అన్నాను. చప్పుడు సభికులకి ఇబ్బందిగా ఉంటుందని, ఈసారికి పెన్న పాట పెడుతున్నామని మర్యాదగా చెప్పారు.

మఖ కార్తె

మరో వరద వస్తోందని ఎగువనుంచి వార్త. ఈలోగా లంకలో మిగిలినవాళ్లం చెరువులో ఉప్పునీరు తోడిపోశాం. అడుగు బురద కూడా తీశాం. నా అరచేతులు పగిలాయి. ఎవరైనా చూసి అయ్యో అంటారేమోనని చేతులు దాచుకుని తిరుగుతున్నాను.

తాళంచెవి పల్లాలమ్మత్తకి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "పాటని నమ్మి ఎత్తలేను. నా చెవిని నమ్మి కూడా ఎత్తలేను ఇప్పుడు," అందట. గనిరాజు గారు ఇంకెవరికీ ఇవ్వలేదు. లాకు మీదే మేకుకి తగిలించి వచ్చారు.

మఖ కార్తె, వరద రోజు

తెల్లవారగానే మృదంగం మొదలైంది. దాని వెనకే గరుకు. తెరిపి లేని గరుకు. పాట వినడానికి ఏమాత్రం బాగాలేదు. పొయ్యిల దగ్గర ఎవరూ వినడం ఆపలేదు.

పల్లాలమ్మత్త లాకు మీదికి వచ్చింది. మేకు మీది తాళంచెవి తీసుకుంది. ఎవరూ పిలవలేదు. ఇశ్రాయేలు గారు పొడుగు వెదురుకి చిన్న కుండ కట్టి ఇచ్చారు. ఆవిడ దాన్ని తలుపు అడుగుదాకా దించి, నీళ్లు పైకి తీసి రుచి చూసి, తల అడ్డంగా ఊపింది. పాట అదే చెబుతోంది. ఆవిడ నా కిటికీవైపు చూడలేదు.

పోటు తిరిగి ఆటు వచ్చేదాకా నిలబడింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఎర్రనీరు గట్టుని రాసుకుంటూ పోతుంటే జనం లాకు వైపే చూస్తున్నారు. ఈ వరదా పోతే ఇక లంక ఖాళీ చెయ్యాలి. ఎత్తమని ఒకరిద్దరు కేకలు వేశారు. ఆవిడ వాళ్లవైపు కూడా చూడలేదు. కుండ దించింది, తీసింది, ఉమ్మింది. మళ్లీ దించింది.

నా గదిలో గరుకు పలచబడటం మొదలైంది. ముందు ఇసుకలా, తర్వాత పిండిలా. చివరికి ఒక్క నూక. ఆ నూక కూడా జారిపోయింది. మీటల మీద చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ విన్నది. తల పక్కకి వంచి, చాలాసేపు విన్నది. కుండ దించి ఇంకోసారి రుచి చూసింది. మింగింది.

లాకు తలుపు లేచింది. చెరువు సగానికి పైగా నిండింది. పూర్తిగా నిండేలోపు పోటు మళ్లీ ఎక్కింది, ఆవిడ తలుపు దించేసింది. ఆ నీటితో ఈ ఏడు ఎంతమంది బతకగలరో లెక్క వెయ్యాలి. వెళ్లినవాళ్లందరూ రాలేరు.

లాకు నుంచి దిగేటప్పుడు పల్లాలమ్మత్త చెయ్యి ఎత్తింది, తలుపు పూర్తిగా పడిందని గట్టు మీదివాళ్లకి చెప్పడానికి. నేను కిటికీలోంచి చెయ్యి ఎత్తాను. ఆవిడ చూసింది. చూసి, చెయ్యి దించుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఇంటివైపు నడిచింది.

సాయంత్రం పాట వెయ్యాలి. బుడ్లలో ఒండ్రు చేరి ఉంటుంది. కడగడానికి వెళుతున్నాను.